మట్టిలో పుట్టని టమోటా

2023 జూలై ఆఖరులో మదనపల్లె మార్కెట్ యార్డులో మొదటి రకం టమోటా కిలో 200 రూపాయల దాకా పలికింది. వారాల తరబడి దేశంలోని పత్రికలన్నీ ఆ ఊరి పేరు రాశాయి. తోటలకు రాత్రిళ్లు కాపలాలు వెలిశాయి. మండీ కమీషన్లు, లారీ బాడుగలు, ఢిల్లీ ధరలు అన్నీ చర్చకొచ్చాయి. ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ కాయలు కాసిన మొక్కల్లో చాలా భాగం మట్టిలో పుట్టినవి కావు. మొలకెత్తిన రోజు నుంచి పొలం చేరేదాకా వాటి వేళ్లు తాకింది కొబ్బరి పొట్టునే.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం రోడ్ల పక్కన పచ్చటి వలల కింద ఇప్పుడు నర్సరీలు వరసగా కనిపిస్తాయి. టమోటా, మిరప, వంగ, క్యాబేజీ, కాలీఫ్లవర్, బంతి నారు అక్కడ ట్రేల లెక్కన అమ్ముడవుతుంది. ఈ వ్యాపారానికి ఒక తరం వయసుంది, అంతే. అంతకుముందు నారు పోయడం ఎవరి ఇంటి పని వాళ్లదే.

అరవై దాటిన రైతులకు నారుమడి పని ఇప్పటికీ చేతుల్లోనే ఉంటుంది. బావికి దగ్గరగా, నీళ్లు నిలవని చోట, మీటరు వెడల్పున ఎత్తుగా మడి కట్టేవాళ్లు. మాగిన దిబ్బ ఎరువును జల్లెడ పట్టి ఎర్రమట్టిలో కలిపేవాళ్లు. పుంగనూరు పొట్టి ఆవులున్న ఇళ్లలో ఆ పేడే ఎరువు. మూడడుగుల ఎత్తు కూడా దాటని ఆ ఆవు తినేది తక్కువే, కానీ పెరటి దిబ్బకు లోటు రానిచ్చేది కాదు. విత్తనం చల్లి, సన్నటి ఎరువు పైన దులిపి, వరిగడ్డి కప్పి, పూటపూటకూ కడవతో తడిపేవాళ్లు. మొలక కనబడగానే గడ్డి తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైతే మొలక పాలిపోయి సన్నగా సాగుతుంది.

విత్తనానికి ఖర్చు లేదు. బాగా పండిన కాయలను పిసికి, ఒకటి రెండు రోజులు పులియబెట్టి, కడిగి, బూడిదలో కలిపి నీడలో ఆరబెడితే వచ్చే ఏటికి సరిపోయేది. ఎకరాకు 200 గ్రాముల దాకా చల్లేవాళ్లు. సగం పోయినా సగం మిగులుతుందనే ధీమా.

నిజంగానే సగం పోయేది. నారు కుళ్లు తెగులు వచ్చిందంటే రాత్రి నిలబడి ఉన్న మొలక తెల్లారేసరికి మొదలు దగ్గర నీరు పట్టి మెత్తబడి వాలిపోయేది. పిథియం అనే, శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి చేసే పని అది. తడి ఎక్కువై గాలి ఆడని మట్టి దానికి పుట్టిల్లు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మడిలో పోయడమే అప్పటి మందు. తెగులు తప్పించుకున్న నారును పెరికేటప్పుడు మరో నష్టం. పీచు వేళ్లన్నీ మడిలోనే తెగిపోయేవి. నాటిన మొక్క నాలుగైదు రోజులు తల వేలాడేసి, అదృష్టముంటే లేచేది.

ఈ మెట్ట సీమకు టమోటా ఇంతగా ఎందుకు అతుక్కుంది? జవాబు గాలిలో ఉంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా కాస్త అటూ ఇటూగా అంతే. కిందనున్న తిరుపతి, నెల్లూరు మైదానాలు మే నెలలో మండిపోతున్నా ఇక్కడ రాత్రులు చల్లబడతాయి. పగటి వేడి 35 డిగ్రీలు బాగా దాటి, రాత్రి కూడా తగ్గకపోతే టమోటా పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. ఆ ఇబ్బంది ఇక్కడ తక్కువ కాబట్టి మిగతా చోట్ల తోటలు ఎండిన రోజుల్లో మదనపల్లె పంట బజారుకొస్తుంది. ఈ గాలి విలువను రైతులకంటే ముందు డాక్టర్లు పసిగట్టారు. క్షయ రోగుల కోసం 1912లో మదనపల్లెలో మొదలై, 1915 నాటికి ఊరి బయట ఆరోగ్యవరానికి మారిన యూనియన్ మిషన్ శానిటోరియం ఈ పొడి చల్లదనాన్ని చూసుకునే అక్కడ వెలిసింది. దాని తొలి సూపరింటెండెంట్ డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్. రోగి ఊపిరికి పనికొచ్చిన గాలే తర్వాత టమోటా పూతకూ పనికొచ్చింది.

గాలి ఉంటే సరిపోదు, నీళ్లుండాలి. వేరుశనగ ఒక్కటే నమ్ముకున్న నేలల్లో మొదట బావులు, వాటి వెనుక బోర్లు పడ్డాయి. బోరు కింద ఉన్న రెండెకరాల్లో వేరుశనగ వేస్తే అప్పు తీరదు. చేతికి త్వరగా డబ్బు తెచ్చే పంట కావాలి. టమోటా అలా వచ్చింది.

నారుమడిని అసలు మార్చింది మాత్రం విత్తనం ధర. 1965లో మన్‌మోహన్ అత్తావర్ బెంగళూరులో ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ పెట్టారు. 1973లో ఆ కంపెనీ 'కర్ణాటక' పేరుతో హైబ్రిడ్ టమోటాను, 'భారత్' పేరుతో హైబ్రిడ్ క్యాప్సికంను విడుదల చేసింది. హైబ్రిడ్ విత్తనం తయారీ చేతిపని. మొగ్గ విచ్చకముందే పట్టకారుతో దాని కేసరాలు తీసేసి, మర్నాడు వేరే రకం పుప్పొడి అద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇదే తంతు. కర్ణాటకలోని రాణిబెన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ల చేతుల మీదుగా సాగే ఆ కూలి అంతా పొట్లం ధరలో కనబడుతుంది. పైగా ఆ కాయల నుంచి రైతు విత్తనం తీసి దాచుకుంటే మరుసటి ఏడు మొక్కలు తలో తీరున వస్తాయి. ఏటా కొనాల్సిందే.

అప్పటిదాకా గుప్పిట్లో చల్లిన విత్తనం అలా గ్రాముల లెక్కకు, ఆ తర్వాత గింజల లెక్కకు దిగింది. గింజ గింజకూ డబ్బు పెట్టినవాడు దాన్ని పిథియానికి వదిలేస్తాడా? ప్రతి గింజకూ వేరే గది కావాల్సి వచ్చింది. ఆ గదులు అమెరికాలో అప్పటికే ఉన్నాయి. 1960ల చివర్లో ఫ్లోరిడాలో జార్జ్ టాడ్ అనే ఆయన తలకిందులు పిరమిడ్ ఆకారపు గుంతలున్న ట్రేలు తయారుచేసి 'స్పీడ్లింగ్' పేరుతో అమ్మారు. గుంత అడుగున రంధ్రం ఉంటుంది. కిందికి దిగిన వేరు కొస అక్కడ గాలి తగిలి ఎండిపోతుంది. దాంతో పైన కొత్త పీచు వేళ్లు పుడతాయి. ఎవరూ కత్తెర పట్టకుండానే గాలి వేరును కత్తిరిస్తుంది.

గది దొరికింది. అందులో పరుపు ఏమిటి? గోళీకాయంత గుంతలో ఎర్రమట్టి పోస్తే రెండు తడులకే ఇటుకలా గట్టిపడుతుంది. పాశ్చాత్య దేశాలు ఈ చిక్కును ముందే విప్పుకున్నాయి. ఇంగ్లండులో 1930లలో జాన్ ఇన్నెస్ సంస్థ మట్టి, పీట్, ఇసుకల పాళ్లు నిర్ణయించింది. 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం మట్టిని పూర్తిగా వదిలేసి పీట్, వర్మిక్యులైట్, పెర్లైట్ మిశ్రమాలు చెప్పింది. పీట్ అంటే చలి దేశాల బురదనేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న నాచు. దాన్ని ఓడల్లో తెప్పించి టమోటా నారు పోస్తే లెక్క కుదరదు.

కుదిరిన సరుకు రైలు దూరంలోనే ఉంది. పొల్లాచ్చి, తిప్టూరు, అరసికెరె ప్రాంతాల్లో కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసే మిల్లుల పక్కన పొట్టు గుట్టలు గుట్టలుగా పడి ఉండేది. డొక్కలో పీచు మూడోవంతే, మిగతాదంతా ఈ పొట్టు. అందులో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి ఏళ్లు గడిచినా కుళ్లదు. వానకు తడిసి కారే ఎర్రటి రసం చుట్టుపక్కల నీళ్లను పాడుచేసేది. దాన్ని త్వరగా కుళ్లబెట్టడానికి కాయర్ బోర్డు 'పిత్‌ప్లస్' పేరుతో పుట్టగొడుగు శిలీంధ్రాన్ని కూడా తయారుచేసింది. మిల్లుకు తలనొప్పిగా ఉన్న ఆ కుళ్లని గుణమే నర్సరీకి వరమైంది. పొట్టు తన బరువుకు ఏడెనిమిది రెట్ల నీళ్లు పట్టుకుంటుంది, అయినా లోపల గాలికి చోటుంచుతుంది. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ గుంతల ట్రేల్లో, అంటే ప్రోట్రేల్లో, కోకోపీట్ అని పిలిచే ఈ కొబ్బరి పొట్టుతో నారు పెంచే పద్ధతిని రైతులకు నేర్పింది. మదనపల్లె నుంచి అక్కడికి మూడు నాలుగు గంటల ప్రయాణం. నేర్చుకున్నవాళ్లు తిరిగొచ్చి షేడ్‌నెట్లు వేశారు.

పని దగ్గర నిలబడి చూస్తే ఇదీ వరస. ఇటుకలా నొక్కిన కోకోపీట్ దిమ్మెను తొట్టిలో వేసి నీళ్లు పోస్తే చూస్తుండగానే ఉబ్బి నాలుగైదింతలవుతుంది. దాన్ని గుప్పిట్లో పట్టి పిండుతారు. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువ, ఏమీ రాలకపోతే తక్కువ. 98 గుంతల నల్లటి ట్రేలో పొట్టు నింపి అరచేత్తో దులిపి, గుంత గుంతకూ వేలితో చిన్న సొట్ట పెట్టి, ఒక్కో గింజ జారవిడుస్తారు. అలవాటైన చెయ్యి మాట్లాడుతూనే ట్రే పూర్తిచేస్తుంది. పది ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్లాస్టిక్ షీటు కప్పి, మూడు నుంచి ఆరు రోజులు చీకట్లో ఉంచుతారు. మొదటి మొలక వంగిన మెడ కనబడగానే విడదీసి వల కింద పరుస్తారు. పొట్టులో పోషకాలు లేనట్టే కాబట్టి పన్నెండో రోజు, ఇరవయ్యో రోజు 19:19:19 ఎరువు నీళ్లలో కలిపి పోస్తారు. నాలుగో వారానికి మొక్కను మొదలు పట్టి లాగితే తెల్లటి వేళ్ల అల్లికతో పొట్టు గడ్డ మొత్తం ఊడి వస్తుంది. ఒక్క వేరూ తెగదు. నాటిన మర్నాడు తల వేలాడేసే మొక్క ఉండదు. ఎకరాకు 200 గ్రాములు చల్లిన చోట ఇప్పుడు 50, 60 గ్రాములతో పనైపోతుంది.

వేరుకు తడితోపాటు గాలి కావాలన్న సంగతిని ప్రపంచానికి గట్టిగా నేర్పినవి ఆర్కిడ్లు. ఈ పాఠానికి తెలుగు నేలతో చిన్న చుట్టరికం ఉంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్, భారతీయ చిత్రకారులతో బొమ్మలు వేయించి కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. 1795లో లండన్‌లో మొదలైన ఆ ప్రచురణలో మన చెట్ల కొమ్మల మీద పెరిగే ఆర్కిడ్లున్నాయి. ఇప్పుడు వాండా టెస్సెలేటా అంటున్న మొక్కకు శాస్త్రీయ వర్ణన దక్కింది అందులోనే. మామిడి, చింత మానుల బెరడును కరిచి వేళ్లను గాలిలో వేలాడేసే మొక్క అది. ఆ కాలపు ఇంగ్లండు తోటమాలులు ఇలాంటి మొక్కలను ఓడలకొద్దీ దిగుమతి చేసుకుని, కుండల్లో తడి మట్టిలో పాతి, వేడి గదుల్లో పెట్టి వేలాదిగా చంపారు. వేరు ఊపిరాడక చస్తోందని అర్థం కావడానికి దశాబ్దాలు పట్టింది.

జపాన్ వాళ్లకు ఈ గాలి సంగతి అగ్నిపర్వతాల పుణ్యమా అని సులువుగా చిక్కింది. సుమారు 45 వేల ఏళ్ల కిందట అకాగి పర్వతం పేలినప్పుడు ఎగిరిపడిన తేలికపాటి రాయి తోచిగి ప్రాంతంలో పొరగా పరుచుకుంది. కనుమా ఊరి పేరుతో అమ్మే పసుపుపచ్చ గుళికల మన్ను అదే. పులుపు గుణమున్న ఆ మన్నులో సత్సుకి అజేలియాలు పెంచుతారు. కాంతో మైదానంలో బూడిద నుంచి తయారైన ఎర్రమన్నును తవ్వి, ఎండబెట్టి, సైజులవారీగా జల్లెడ పడితే అకడామా. బోన్సాయ్ కుండీల్లో దానిదే రాజ్యం. క్యూషూ దక్షిణాన దొరికే గట్టి ప్యూమిస్ రాయి, అంటే హ్యూగా, తూర్పు ఆసియా సింబిడియం ఆర్కిడ్లకు వాడతారు. గుళిక లోపలి సన్నటి రంధ్రాలు నీళ్లను దాచుకుంటాయి, గుళికల మధ్య సందులు గాలిని ఆడనిస్తాయి. అకడామా రెండు మూడేళ్లకు నలిగి మెత్తబడుతుంది, హ్యూగా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎంపికలో మొదట చూడాల్సిన తేడా అదే. అయితే షోగున్లు ఏలిన ఎడో కాలపు ప్రభువులు మోజుపడి పెంచిన చిన్న ఆర్కిడ్ ఫూకిరాన్‌కు మాత్రం వాళ్లు రాయి వాడలేదు. లోపల బోలుగా ఉండే నాచు గుట్ట మీద కూర్చోబెట్టారు. పదకొండో తోకుగావా షోగున్ ఇయెనారికి ఆ మొక్కంటే ప్రాణం.

కుప్పంలో అగ్నిపర్వతం లేదా అంటే, ఉంది. కాకపోతే మరీ ముసలిది. కోలారు బంగారు గనులున్న రాతి పట్టీ దక్షిణంగా సాగి కుప్పం దగ్గరి చిగురుగుంట, బిసానత్తం దాకా వస్తుంది. సుమారు 270 కోట్ల ఏళ్ల కిందట ప్రవహించిన లావా అది. వేడికీ ఒత్తిడికీ మారి మారి కటిక రాయిగా మిగిలింది. భారత్ గోల్డ్ మైన్స్ అందులోంచి బంగారం తీసింది గానీ, కుండీలో పోయడానికి గుప్పెడు ప్యూమిస్ కూడా రాదు. జపాన్‌ది నిన్నమొన్నటి బూడిద కనుకే గుల్లగా ఉంది. కుప్పం నుంచి ఓడలెక్కేది పలకలుగా కోసిన గ్రానైట్, అది వేరే రాయి.

కుండీకి పనికొచ్చే ఖనిజం మాత్రం పక్కనే దొరికింది. కుప్పం నుంచి జోలార్‌పేట వైపు రైలెక్కితే వచ్చే తిరుపత్తూరు దగ్గర సేవత్తూరులో వర్మిక్యులైట్ గనులున్నాయి. తమిళనాడు ప్రభుత్వ ఖనిజ సంస్థ అక్కడ తవ్వుతుంది. అభ్రకంలాంటి ఆ పొరల రాయిని కాలిస్తే లోపలి నీరు ఆవిరై పొరలు విచ్చుకుని అనేక రెట్లు ఉబ్బుతుంది. కోకోపీట్‌లో కాస్త కలిపితే పోషకాలను పట్టి ఉంచుతుంది. అయినా మామూలు టమోటా ట్రేల్లోకి అది పెద్దగా చేరలేదు. పైసా పైసా లెక్కపెట్టే వ్యాపారంలో ఒట్టి పొట్టుతోనే పని నడుస్తున్నప్పుడు రెండో బస్తా ఎవరు కొంటారు?

కుప్పం ఈ కథలోకి మరో దారిన వచ్చింది. 1990ల చివర్లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం తన ముఖ్యమంత్రి నియోజకవర్గంలోనే ఇజ్రాయెల్ సాంకేతికతతో ప్రదర్శన క్షేత్రం పెట్టించింది. చిన్న కమతాలను కలిపి చదునుచేసి, కంప్యూటర్‌తో నడిచే డ్రిప్ పైపులు వేశారు. దాని మీద పొగడ్తలూ వచ్చాయి, విమర్శలూ వచ్చాయి. పెట్టుబడి బరువు, లోతుకు పోయిన బోర్లు, గట్లు చెరిగిన పొలాల మీద తగాదాలు అందరికీ తెలిసినవే. ప్రభుత్వం మారాక ఆ పథకం చప్పబడింది. రైతులు మాత్రం అందులోంచి తమకు కావాల్సింది ఏరుకున్నారు. కంప్యూటర్ పోయింది, డ్రిప్ నిలిచింది. బొట్టు బొట్టుగా తడిపే పైపు పక్కన ఖాళీలుంటే నష్టం కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ప్రతి రంధ్రం దగ్గరా బతికే మొక్కే ఉండాలి. ట్రే నారుకు గిరాకీ పెంచిన వాటిలో డ్రిప్ కూడా ఒకటి.

ఇంతా చేసి కోకోపీట్ దోషం లేని సరుకేమీ కాదు. కాయ డొక్కలోనే సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఉప్పులుంటాయి. ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టిన డొక్కదైతే ఇంకా ఎక్కువ. మంచినీళ్లతో కడగాలి, మేలైన రకానికైతే కాల్షియం నైట్రేట్ ద్రావణంలో కూడా నానబెట్టాలి. కడగని పొట్టు చవకగా వస్తుంది. అందులో పెరిగిన నారు ఆకు అంచులు మాడి గిడసబారుతుంది, నింద మాత్రం విత్తనం కంపెనీ మీదో ఎండ మీదో పడుతుంది. ధర పడిపోయిన వారం నారు తీసుకెళ్లేవాళ్లు రారు. ట్రేల్లోనే ముదిరిన మొక్కల వేళ్లు గుంత లోపల చుట్టలు చుట్టుకుంటాయి. ధర లేవగానే అదే ముదురు నారు అమ్ముడవుతుంది. అది పొలంలో ఎన్నాళ్లైనా పుంజుకోదు. తెల్లదోమ వలలోకి దూరితే ఆకుముడత వైరస్ నర్సరీలోనే అంటుకుని వంద పొలాలకు చేరుతుంది. ఇంటి నారుమడి తెగులు ఒక ఇంటితో ఆగేది.

ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది ఈ బాధ తగ్గించడానికే. నర్సరీ నమోదు చేసుకోవాలి, ఏ రకం ఎవరికి అమ్మిందో లెక్క ఉంచాలి. రైతులు చాలామంది నారును ఇప్పటికీ నోటి మాట మీదే కొంటున్నారు. తోట పోయాక కాగితం లేకపోతే పరిహారం అడిగే దారే మూసుకుపోతుంది.

ఈ ఊళ్లలో మేడ మీద ఆర్కిడ్లు పెంచే సరదా ఉన్నవాళ్లకు ఓ మాట. విదేశీ బస్తా కోసం వేలు తగలేయక్కర్లేదు. చెట్టుకొమ్మ మీద బతికే వాండాకు బొగ్గు, పెంకుముక్కలు, కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు చాలు. అకడామా, హ్యూగా వేళ్లను నేలలో దించే సింబిడియంలకూ, బోన్సాయ్‌లకూ పనికొస్తాయి, అదీ స్తోమత ఉంటేనే. ఇక టమోటా రైతులు ట్రే ఎత్తించుకునే ముందు నాలుగు మూలల నుంచి ఒక్కో మొక్క లాగి చూడాలి. వేళ్లు తెల్లగా ఉన్నాయా, గోధుమరంగుకు తిరిగాయా, చుట్టలు చుట్టుకున్నాయా అన్నది అక్కడే తెలిసిపోతుంది. రకం పేరు, విత్తిన తేదీ రాయించుకుని బిల్లు తీసుకున్నాకే బండిలో ఎక్కించండి.